కార్ఖానాకు తగిన వ్యాక్యూమ్ క్లీనరును ఎంచుకొనుట ఎట్లు?

సోలాపూర్ నగరపు తూర్పు పేటలలోను, అక్కలకోట రోడ్డు పారిశ్రామిక వాడలోను తెలుగు నేత కుటుంబాలు తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకొని జీవిస్తున్నాయి. చద్దర్లు, టవళ్లు నేసే షెడ్లలోను, యూనిఫారాలు కుట్టే గదులలోను పని ఎంత జోరుగా సాగితే అంత పీచు రాలుతుంది. అది మగ్గాల కింద, దూలాల మీద, పంకా రెక్కల మీద, స్విచ్చుబోర్డుల వెనుక పేరుకొంటుంది. చీపురుతో ఊడ్చినప్పుడు బరువైన పోగులు మూలకు చేరుతాయి. కంటికి ఆనని సన్నని ధూళి మాత్రం గాలిలోకి లేచి చాలాసేపు తేలుతుంది. దానిని పీల్చేది అక్కడ పనిచేసేవారే.

నూలుధూళిని ఏండ్ల తరబడి పీల్చినవారికి బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చును. వారపు సెలవు తరువాత మొదటి రోజు పనిలోకి రాగానే ఛాతీ పట్టినట్లుండుట దాని తొలి లక్షణం. దూది ఏకే, నూలు వడికే మిల్లులలో ఇది ఎక్కువ. నేత షెడ్లలో తక్కువే అయినా, లేదని చెప్పుటకు వీలులేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు వృత్తివ్యాధుల జాబితాలో దీని పేరు ఉండేది. కొన్ని షెడ్లలో కంప్రెసరు గాలితో మగ్గాలను ఊదుతారు. అది చీపురుకంటె హానికరం. ధూళిని ఒకచోటినుండి తీసి షెడ్డంతటా చల్లుతుంది. అమెరికాలో 1978లో వెలువడిన నూలుధూళి నిబంధనలు, వేరే మార్గం సాధ్యమైన చోట ఈ ఊదే పద్ధతిని నిషేధించాయి. ధూళిని లేపకుండా పీల్చి బంధించుటయే మేలైన మార్గం. అందుకు వ్యాక్యూమ్ క్లీనరు కావలెను. అయితే అది కార్ఖానా పనికి ఓర్చుకొనేదై ఉండవలెను.

ఇంటి యంత్రం ఎందుకు నిలువదు?

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఇంటిలో వారానికి రెండుసార్లు, ప్రతిసారి 20 నిమిషాలు వాడితే సంవత్సరానికి సుమారు 35 గంటలు అవుతుంది. కార్ఖానాలో రోజుకు 4 గంటల చొప్పున 300 రోజులు వాడితే 1,200 గంటలు. అనగా ఇంటిలో 34 ఏండ్లు చేయవలసిన పనిని ఆ యంత్రం ఇక్కడ ఒక్క ఏడాదిలో చేయవలసి వస్తుంది. తక్కువ ధరకు వచ్చినదని ఇంటి యంత్రాన్ని షెడ్డులో పెడితే, అది కొద్ది నెలలలో కాలిపోవుటలో వింత లేదు. పైగా, గృహవినియోగ యంత్రాన్ని వ్యాపారస్థలంలో వాడితే వారంటీ చెల్లదని అనేక వారంటీ పత్రాలలో స్పష్టంగా రాసి ఉంటుంది. అందుచేత దుకాణంలో అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: “ఈ యంత్రం రోజుకు ఎన్ని గంటలు పనిచేయగలదు?”

మోటారు: యంత్రానికి ప్రాణం

ఇంటి యంత్రాలలో సాధారణంగా లోపలికి పీల్చిన గాలియే మోటారు మీదుగా వెళ్లి దానిని చల్లబరుస్తుంది. గొట్టంలో పీచు అడ్డుపడినా, ఫిల్టరు మూసుకొనిపోయినా ఆ గాలి తగ్గుతుంది; మోటారు వేడెక్కి వైండింగు కాలుతుంది. బైపాస్ మోటారులో ఈ చిక్కు తక్కువ. దానిని చల్లబరచుటకు వేరొక చిన్న పంకా, వేరొక గాలిదారి ఉంటాయి. పీల్చిన మురికిగాలి వైండింగును తాకదు. తడిని, పొడిని రెండింటిని పీల్చే వాణిజ్య యంత్రాలలో ఈ ఏర్పాటు ఉంటుంది. పీచు అధికంగా ఉన్న చోట బైపాస్ మోటారునే కోరవలెను. మితిమీరి వేడెక్కితే తనంతట తాను ఆగిపోయే థర్మల్ రక్షణ ఉన్నదో లేదో కూడా అడుగవలెను.

ఈ మోటార్లలో ఎక్కువ వాటికి కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. అవి పెన్సిలు ముల్లు వలె అరిగిపోయే భాగాలు. సాధారణంగా కొన్ని వందల గంటల పని తరువాత వాటిని మార్చవలెను. సకాలంలో మార్చకపోతే మోటారులోని కమ్యుటేటరు చెడి, కొద్దిపాటి ఖర్చు పెద్ద ఖర్చు అవుతుంది. రోజుకు 4 గంటల వాడకం ఉన్న చోట సంవత్సరంలో ఒకటి రెండుసార్లు ఈ మార్పు తప్పదని ముందే లెక్క వేసుకొనవలెను. రెండు మూడు షిఫ్టులలో ఆగకుండా నడుపవలసిన చోట, కార్బన్లు లేని ఇండక్షన్ మోటారు బ్లోయరుతో పనిచేసే పారిశ్రామిక యంత్రం తగినది. దాని ధర, బరువు ఎక్కువ. తరచు త్రీఫేజు కరెంటు అవసరమవుతుంది. చిన్న షెడ్డుకు అది అక్కరలేదు.

వాట్లు చూసి మోసపోకండి

పెట్టెమీద పెద్ద అక్షరాలతో రాసే వాట్లు యంత్రం తినే కరెంటును తెలుపుతాయేగాని, పీల్చే శక్తిని తెలుపవు. పీల్చే శక్తికి రెండు కొలతలున్నాయి. ఒకటి గాలి ప్రవాహం. దీనిని సెకనుకు ఇన్ని లీటర్లు, లేదా గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అని చెబుతారు. రెండవది పీడనం, దీనిని కిలోపాస్కళ్లలోనో, మిల్లీబార్లలోనో, నీటి మట్టపు మిల్లీమీటర్లలోనో రాస్తారు. ఒక కిలోపాస్కల్ 10 మిల్లీబార్లకు, సుమారు 102 మిల్లీమీటర్ల నీటి మట్టానికి సమానం. తేలికగా, గుట్టగా ఉండే పీచును లాగుటకు గాలి ప్రవాహం ముఖ్యం. బరువైన చెత్తకు, తడికి, పొడవైన గొట్టానికి పీడనం ముఖ్యం. ఈ రెండు అంకెలను రాతపూర్వకంగా ఇవ్వని అమ్మకందారుని వద్ద తొందరపడి కొనకండి.

ఫిల్టరు: పీల్చినది మరల బయటికి రాకూడదు

ఫిల్టరు నాసిరకమైతే యంత్రం ముందు పీల్చిన ధూళిని వెనుకనుండి ఊదుతుంది. చీపురుకు, దానికి భేదముండదు. అంతర్జాతీయ ప్రమాణాలలో హానికర ధూళిని పీల్చే యంత్రాలకు ఎల్, ఎం, హెచ్ అనే మూడు తరగతులున్నాయి. మొదటిది 1 శాతానికి, రెండవది 0.1 శాతానికి, మూడవది 0.005 శాతానికి మించి ధూళిని బయటికి విడువకూడదు. హెపా ఫిల్టర్లలో హెచ్13 అనే రకం, పట్టుటకు అన్నింటికంటె కష్టమైన పరిమాణపు కణాలలో సైతం 99.95 శాతాన్ని ఆపుతుంది.

అయితే హెపా ఫిల్టరు ఒక్కటే ఉంటే పీచు దానిని త్వరగా మూసివేస్తుంది. ముందు సంచి, దాని తరువాత గుడ్డ ఫిల్టరు, చివర హెపా, ఈ వరుస ఉన్న యంత్రాన్ని ఎంచుకొనవలెను. పారవేయదగిన సంచి ఉంటే ఖాళీ చేసేటప్పుడు ధూళి లేవదు. సంచులకు నెలనెలా అయ్యే ఖర్చును యంత్రం ధరతో కలిపి చూడవలెను.

ట్యాంకు, గొట్టం, కరెంటు

పీచు తేలికే అయినా చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. 15 లీటర్ల ట్యాంకు కుట్టుపని గదికి, కార్యాలయానికి సరిపోవచ్చును. మగ్గాల షెడ్డుకు మాటిమాటికి ఖాళీ చేయవలసి వస్తుంది. సన్నని గొట్టంలో పీచు ఉండకట్టి నిలిచిపోతుంది కనుక 38 మిల్లీమీటర్ల గొట్టం మేలు. చక్రాలు గట్టివై, దారాలు చుట్టుకొన్నప్పుడు తేలికగా విప్పదగినవై ఉండవలెను.

యంత్రం 1,300 వాట్లకు మించినదైతే 16 ఆంపియర్ల ప్లగ్గు పాయింటు ఏర్పాటు చేయండి. 230 వోల్టుల వద్ద 6 ఆంపియర్ల పాయింటు మోయగలిగినది 1,380 వాట్లు మాత్రమే. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కుతుంది. పీచు నిండిన షెడ్డులో ఒక్క నిప్పురవ్వ చాలు, ఏండ్ల కష్టం బూడిద కావచ్చును. ఎర్తు లేని పాయింటును వాడకూడదు. బీడీ ముక్కలు, వేడి బూడిద వంటి వాటిని ఎన్నడూ యంత్రంతో పీల్చకూడదు. మగ్గాన్ని పూర్తిగా ఆపిన తరువాతనే దాని కింద శుభ్రం చేయవలెను.

కొనేముందు

వీలైతే అమ్మకందారుని మీ షెడ్డుకే పిలిపించి, మీ పీచు మీదనే ఒక గంట నడిపించండి. గంట చివర కూడా మొదటి నిమిషంలో వలె పీల్చుచున్నదా? మోటారునుండి కాలిన వాసన వచ్చుచున్నదా? వెనుకనుండి వచ్చే గాలికి తెల్లని గుడ్డ అడ్డుపెడితే ధూళి అంటుచున్నదా? ఈ మూడు పరీక్షలు ప్రకటనలకంటె నమ్మదగినవి. కార్బన్లు, ఫిల్టరు, గొట్టం, స్విచ్చు మన నగరంలోనే దొరుకునా, దొరికితే వాటి ధరలెంత అనునది కాగితం మీద రాయించుకొనండి. పూనా నుండియో ముంబయి నుండియో విడిభాగం వచ్చుటకు వారాలు పట్టితే, యంత్రం ఎంత మంచిదైనా అన్ని వారాలు చీపురే గతి.

జి.ఎస్.టి. బిల్లు తప్పక తీసుకొనండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపార ప్రయోజనానికి కొన్నవారు సాధారణంగా వినియోగదారులుగా పరిగణింపబడరు. కాని స్వయం ఉపాధితో జీవనోపాధి గడించుకొనుటకే కొని వాడుకొనేవారికి ఆ చట్టం రక్షణ ఇస్తుంది. స్వయంగా మగ్గం నడిపే చిన్న నేతగానికి, ఇంటిలో కుట్టుమిషను పెట్టుకొన్న సోదరికి ఈ నియమం అండ. చిక్కు వచ్చినప్పుడు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయవచ్చును.

కొన్న తరువాత

ఎంత గట్టి యంత్రమైనా ఆలనాపాలనా లేకపోతే నిలువదు. సంచి, ట్యాంకు పూర్తిగా నిండేవరకు ఆగకండి. గుడ్డ ఫిల్టరును ప్రతి షిఫ్టు చివర, ముక్కుకు మాస్కు కట్టుకొని, షెడ్డు బయట దులపండి. కడుగదగినదని రాసి ఉంటే తప్ప హెపా ఫిల్టరును నీటిలో ముంచకండి. గుడ్డ ఫిల్టర్లు రెండు జతలు ఉంచుకొనండి. తడిసినది పూర్తిగా ఆరేవరకు రెండవది వాడవచ్చును. యంత్రానికి ఒక చిన్న నోటుపుస్తకం వేలాడదీసి, రోజూ ఎన్ని గంటలు నడిచినదో రాయండి. కార్బన్లు మార్చవలసిన వేళను ఆ పుస్తకమే చెబుతుంది. ఈ పనిని ఒకరికి అప్పగించండి. అందరిదీ అయిన పని ఎవ్వరిదీ కాకుండా పోతుంది. వారికి యంత్రం విప్పుట, బిగించుట నేర్పించే బాధ్యతను అమ్మకందారుని మీదనే పెట్టండి.