పసుపు చెరువు గట్టున నాలుగు నడకలు

సౌదీలో పెద్ద చెరువుందని చెబితే ఊళ్లో ఎవరూ నమ్మరు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి కూడా లేని దేశం, వాళ్లననడానికేం లేదు. కానీ దమ్మాం నుంచి నైరుతిగా నూట యాభై కిలోమీటర్లు వస్తే అల్ అహ్సా. దాని ముఖ్య పట్టణం హొఫూఫ్. తోటలన్నీ దాటి ఇంకా తూర్పుకు పోతే ఇసుక దిబ్బల మధ్య అస్ఫర్ సరస్సు. అస్ఫర్ అంటే పసుపు. నాకు కనిపించినంతలో నీళ్లు నీలంగానే ఉంటాయి, పసుపంతా చుట్టూ ఉన్న ఇసుకదే.

తారు రోడ్డు అయిపోయాక నీటి అంచునే ఇసుకలో బండ్లు వేసిన దారులుంటాయి. ఫోర్ వీలర్ లేకపోతే గట్టి నేల మీదే కారు ఆపేయడం మంచిది. అసలు ఈ చోటును కారులోంచి చూడకూడదు. కాస్త దూరం వెళ్లడం, ఆపడం, దిబ్బెక్కడం, దిగడం, మళ్లీ ఇంకాస్త దూరం. ఒక్కో నడక అరగంటకు మించదు.

దిబ్బ ఎక్కడానికో కిటుకుంది. ఇక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం వైపు నుంచి వస్తుంది. గాలి కొట్టే వైపు ఇసుక గట్టిపడి వాలుగా ఉంటుంది, అటు నుంచి ఎక్కాలి. రెండో వైపు నిటారు, మోకాళ్ల దాకా కూరుకుపోతాం. అది దిగడానికి, పిల్లలకైతే జారడానికి. పైకెళ్లి నిలబడితే ఒక పక్క రెల్లు, జమ్ములాంటి గడ్డి, మధ్యలో నీళ్లు, చలికాలమైతే వలస పక్షులు. రెండో పక్క కంటికి ఆనినంత దూరం ఇసుక. కొల్లేరును తెచ్చి థార్ ఎడారిలో పెట్టినట్టుంటుంది.

ఈ నీళ్లెక్కడివి? వానవి కొంతే. ఎక్కువ భాగం తోటలకు పారగా మిగిలినవి. అహ్సాలో పాతిక లక్షల దాకా ఖర్జూరపు చెట్లున్నాయి. వాటి మొదళ్లలోంచి ఉప్పును కడుక్కుంటూ వచ్చిన నీళ్లు మురుగు కాలువల్లో పడి ఇక్కడికి చేరతాయి. ఎండాకాలం ఆవిరై చెరువు ముడుచుకుపోతుంది, చలికాలం మళ్లీ పరుచుకుంటుంది. 2018లో యునెస్కో అహ్సా ఒయాసిస్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులోని పన్నెండు భాగాల్లో ఈ చెరువూ ఒకటి. పొలాల మురుగునీటికి ఇంత గౌరవం ఇంకెక్కడైనా దక్కిందా అని నాకో సందేహం.

మూడో దిబ్బ దగ్గర అనుకుంటా, మేం తెలుగులో అరుచుకుంటుంటే గట్టు మీద నుంచి ఒకాయన "మీరు తెలుగోళ్లా అన్నా?" అని పలకరించాడు. జగిత్యాల దిక్కు. పదకొండేళ్లుగా ఖర్జూర తోటలో పని, ఆ రోజు సెలవు. ఫ్లాస్కులో టీ ఇస్తే గట్టు మీదే కూర్చున్నాడు.

"ఈ నీళ్లు మా తోటలకెళ్లే వస్తయన్నా. నేను పారిచ్చిన నీళ్లే ఇవి" అన్నాడు, సొంత చెరువును చూపించినట్టు. "ఇప్పుడు పైపులేసిన్రు, డ్రిప్పులు పెట్టిన్రు. నీళ్లు కొలిచి ఇడుస్తున్రు. తోటకు మంచిదే. గని కాలువకు ఏం మిగుల్తది?"

ఆయన మాట అప్పటినుంచీ నన్ను వదల్లేదు. ఒకప్పుడు అహ్సాలో ఊటలు వాటంతటవే ఉబికేవి. ఇప్పుడు మోటార్లతో భూగర్భంలోంచి తోడుతున్నారు, శుద్ధి చేసిన నీటినీ తోటలకు మళ్లిస్తున్నారు. ఆ పొదుపు తప్పనిసరి. కానీ తోటలో పొదుపు చేసిన ప్రతి బిందెడూ చెరువుకు రాని బిందెడే. ఈ రెండింటికీ రాజీ ఎలాగో పక్షుల వైపు నుంచి కూడా ఎవరైనా ఆలోచించాలి.

మరో పక్క ఇసుక. అది తోటల మీదికి, ఊళ్ల మీదికి నడిచి వస్తుంటే 1962లో చెట్లు నాటి అడ్డుకట్ట వేయడం మొదలుపెట్టారు. దిబ్బ మీద నిలబడితే అదెంత పెద్ద పనో కాళ్లకే తెలుస్తుంది. పది నిమిషాల్లో మన అడుగుల జాడలు ఉండవు.

వెళ్లేవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది, సాహసాలు వద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, నిండు బూట్లు, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం. దారిలో ఖారా కొండ ఉంది. దాని సందుల్లో నడుస్తుంటే ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు హొఫూఫ్‌లో హసావీ బియ్యం అడగండి. ఈ ఎడారిలోనే మడికట్టి పండించే ఎర్ర బియ్యం, ధర మాత్రం గుండె గుభేల్మనిపిస్తుంది. మేం కిలో కొన్నాం. నీళ్లు మామూలు బియ్యానికన్నా ఎక్కువ పోయాలి.

జగిత్యాల తమ్ముడు మేం బయల్దేరేటప్పుడు ఫోన్ నా చేతికిచ్చి నీళ్లు వెనకాల పడేలా వీడియో తీయమన్నాడు. ఇంటికి పంపాలట. "పదకొండేండ్ల సంది చెప్తున్న, మా ఆమె నమ్ముతలేదన్నా" అన్నాడు.