పానా చూపే అంకె, బోల్టు మీద పడే బలం

ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, దానికి తోడు ఉప్పుగాలి. దక్షిణ అండమాన్‌లోని బతు బస్తీ పరిసరాల్లో తిరిగే జీపుల కింద ఇనుము ఎన్నాళ్లు నిగనిగలాడుతుందో ఊహించుకోవచ్చు. నాలుగు చక్రాలూ లాగే ఈ వాహనాల అడుగున ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే పెట్టె అది. చాలా వాహనాల్లో దాని తొడుగు అల్యూమినియం మిశ్రమలోహం, బోల్టులు ఉక్కువి. సర్వీసింగ్‌లో తిప్పలు ఈ జోడీ దగ్గరే మొదలవుతాయి.

ఆయిల్ మార్చాక 'ఇంకొంచెం బిగిస్తే పోయేదేముంది?' అనుకోవడం మామూలే. కానీ బోల్టు భాగాలను పట్టి ఉంచేది తాను సాగడం వల్ల. తిప్పినకొద్దీ అది గట్టి స్ప్రింగులా రవ్వంత సాగుతుంది. మళ్లీ కుదించుకోవాలని చూసే ఆ బలమే రెండు భాగాలను నొక్కిపెడుతుంది. మనం పానాపై పెట్టే శ్రమలో దాదాపు సగం బోల్టు తల కింద, మరో 40 శాతం మరల మధ్య ఘర్షణకే పోతుంది. సాగదీతకు మిగిలేది పదో వంతు. 'ఘర్షణ లేదనుకోండి' అంటూ లెక్కలు చేసి ఎంఎస్సీ గట్టెక్కిన నాలాంటివాళ్లకు ఇది మంచి చురక.

ఒక ఉదాహరణ చూద్దాం. 8.8 గ్రేడు, 10 మిల్లీమీటర్ల ఉక్కు బోల్టును పొడి మరలతో 50 న్యూటన్‌ మీటర్లకు బిగిస్తే నొక్కుడు బలం సుమారు 25,000 న్యూటన్లు, అంటే రెండున్నర టన్నుల బరువంత. అదే బోల్టుకు ఆయిల్ అంటితే ఘర్షణ తగ్గుతుంది. టార్క్ రెంచ్ అదే 50 చూపినా బలం 33,000 దాటుతుంది. శాశ్వతంగా సాగిపోకుండా ఆ బోల్టు తట్టుకోగల హద్దు దాదాపు అంతే. అల్యూమినియంలో అయితే బోల్టు కన్నా ముందు తొడుగులోని మరలే ఊడిపోవచ్చు. తుప్పు పట్టిన బోల్టుది దీనికి వ్యతిరేకం: రెంచ్ 'సరే' అంటుంది, పట్టు మాత్రం వదులుగానే ఉంటుంది.

ఉప్పునీటి తడిలో ఉక్కు, అల్యూమినియం తాకితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో తినిపోయేది అల్యూమినియమే. మరల్లో కనిపించే తెల్లని పొడి దాని గుర్తు. తొడుగు పాడైతే కొత్తది చాలావరకు చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి సముద్రం దాటి రావాల్సిందే. ఈలోగా బండి కదలదు.

అందుకే ఆయిల్ తీసే ముందు పై ప్లగ్ విప్పి చూడాలి. అది బిగుసుకుపోయి ఉంటే, కింది ప్లగ్ తీసేశాక తెలిసినా లాభం లేదు. మరలను బ్రష్‌తో శుభ్రం చేసి, వాషర్ మార్చాలి. మాన్యువల్ ఇచ్చిన అంకె పొడి మరలకా, ఆయిల్ రాసిన మరలకా అన్నది చూసుకోవాలి. కేస్ బోల్టులను ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ఆపై ఎదురెదురుగా రెండు మూడు దఫాల్లో బిగించాలి. 'టక్' మని వినిపించగానే ఆపెయ్యాలి. రెండోసారి టక్కుమనిపించడం చాలామందికి అలవాటు, కానీ దాంతో కొలత మించిపోతుంది.