దిగే ముందు ఒడ్డును చదవాలి

సిద్దిపేట జిల్లా తొగుట మండలంలోని వేములఘాట్ ఇప్పుడు మల్లన్నసాగర్ అడుగున ఉంది. 50 టీఎంసీల నీటిని నిల్వ చేసేలా కట్టిన ఈ జలాశయాన్ని 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. దానికోసం ఖాళీ చేయించిన ఊళ్లలో వేములఘాట్ ఒకటి. కట్ట మీద నిలబడి చూస్తే కనుచూపు మేరా నీళ్లే కనిపిస్తాయి. ఇంత నీరు చేరాక పర్యాటకం మాటలు రావడం, పడవలతో మొదలై నీటి అడుగు వినోదాల దాకా వెళ్లడం సహజం. తెలుగువాళ్లలో సెలవులకు అండమాన్‌కో లక్షద్వీప్‌కో వెళ్లి, ఒడ్డు నుంచే నడుచుకుంటూ సముద్రంలో దిగి స్కూబా డైవింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. ఇలా దిగడానికి మంచి చోటును దేన్ని బట్టి ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఈ రెండు రకాల నీళ్లనూ పోల్చి చూస్తే స్పష్టమైన జవాబు దొరుకుతుంది. నీటి అడుగున ఏం కనబడుతుందో, ఎంత క్షేమంగా తిరిగి రాగలమో చాలావరకు తేల్చేది ఆ నీటిని ఆనుకుని ఉన్న నేలే. దిగే చోటును ఫొటోలు చూసి కాకుండా ఒడ్డును చదివి ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసం వాదన.

మొదట లోతు సంగతి చూద్దాం. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు మన మీద ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి అదనంగా పడుతుంది. నీటి పైన ఒకటిగా ఉన్న ఒత్తిడి 10 మీటర్ల దగ్గర రెండవుతుంది, 20 దగ్గర మూడు, 30 దగ్గర నాలుగు. పీడనం పెరిగేకొద్దీ గాలి పరిమాణం తగ్గుతుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే చెప్పాడు. ఆ లెక్కన చెవుల్లోనూ, నీటి పైన పీల్చి బిగబట్టిన ఊపిరిలోనూ ఉండే గాలి సగానికి కుదించుకుపోయేది మొదటి 10 మీటర్లలోనే. ఆ తర్వాతి 10 మీటర్లలో మార్పు అంతకంటే తక్కువ. పైకి వచ్చేటప్పుడు ఇది తిరగబడుతుంది. 10 మీటర్ల లోతులో సిలిండర్ గాలిని నిండుగా పీల్చుకుని, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు లోతుకన్నా లోతు మారే వేగం ముఖ్యమయ్యేది ఇందుకే. ఒడ్డు నుంచి దిగేవాళ్లకు వాలుగా ఉన్న అడుగే మెట్ల వరసలా పనికొస్తుంది. అడుగు అడుగుకీ లోతు కొద్దికొద్దిగా పెరుగుతుంటే చెవులకు సర్దుకునే సమయం దొరుకుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు కూడా అదే వాలు శరీరాన్ని నిదానంగా పైకి తెస్తుంది. ఈ వాలు సాధారణంగా తీరంలో కనిపించే నేల వాలుకు కొనసాగింపే. ఇసుక తీరం మెల్లగా దిగితే నీటి కిందా చాలాసార్లు అలాగే దిగుతుంది. కొండచరియ నిట్టనిలువుగా నీళ్లలోకి దిగిన చోట లోతూ ఉన్నట్టుండి వస్తుంది.

రెండోది చూపు. అతి స్వచ్ఛమైన నీరు కూడా వెలుతురును వడకడుతుంది. ఎరుపు రంగు మొదటి కొన్ని మీటర్లలోనే ఇంకిపోతుంది, నీలం అన్నిటికన్నా లోతుకు వెళ్తుంది. ఆ నీటిలో మట్టి రేణువులు, నాచు, కుళ్లిన ఆకుల రసం చేరితే వెలుతురు నాలుగు వైపులా చెదిరిపోయి, చాచిన చెయ్యి కూడా కనిపించని పరిస్థితి వస్తుంది. దీన్ని కొలవడానికి 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కీ వాడిన పద్ధతి నేటికీ చెల్లుతోంది. ఒక తెల్లని పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి మెల్లగా వదులుతారు. అది కంటికి కనబడకుండా పోయిన లోతును గుర్తిస్తారు. మళ్లీ పైకి లాగుతూ అది తిరిగి కనబడిన లోతునూ గుర్తించి, రెండింటి సగటు తీస్తారు. నడిసముద్రపు నిర్మలమైన నీటిలో ఈ పళ్లెం 30 మీటర్లు దాటినా కనిపిస్తుంది, బురద నీటిలో మీటరు లోపే మాయమవుతుంది. ఇంత తేడాకు కారణం నీటి అడుగున వెతికితే దొరకదు. ఆ మట్టి ఎక్కడ నుంచి వచ్చిందో చూడాలి, అది వచ్చింది నేల మీద నుంచే.

బంగాళాఖాతం దీనికి పెద్ద సాక్ష్యం. గంగా, బ్రహ్మపుత్ర నదులు కలిసి ఏటా సుమారు 100 కోట్ల టన్నుల ఒండ్రును మోసుకొస్తాయి. మన గోదావరి, కృష్ణ తమ వంతు ఒండ్రునూ మంచినీటినీ కలుపుతాయి. పగడపు జీవులకు వెలుతురు కావాలి, ఉప్పదనం నిలకడగా ఉండాలి, తమ మీద మట్టి పేరుకోకూడదు. పగడం కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి పెడితేనే అది బతుకుతుంది. అందుకే ఇంత పొడవైన ఆంధ్ర తీరంలో లక్షద్వీప్‌లాంటి పగడపు దిబ్బలు ఏర్పడలేదు. విశాఖపట్నం దగ్గర రాళ్ల మీద పగడాలు కనిపించాయి కదా అని ఎవరైనా అడగవచ్చు, నిజమే. అయితే అవి రాళ్లను అంటిపెట్టుకుని అక్కడక్కడా పెరిగినవే తప్ప దిబ్బలు కట్టినవి కావు. అవి ఎక్కడ ఉన్నాయన్నది మరీ ముఖ్యం. తూర్పు కనుమల గుట్టలు సముద్రం దాకా వచ్చి, గట్టి రాతిని నీళ్లలోకి చాచిన చోట, పెద్ద నదుల ముఖద్వారాలకు దూరంగా ఉన్నాయి. గోదావరి డెల్టా ఒడ్డున అలాంటి రాయీ లేదు, అంత తేటనీరూ లేదు. అభ్యంతరంగా కనిపించిన విషయమే వాదనను బలపరుస్తోంది.

మరి వాన తక్కువ ఉన్న చోటే నీళ్లు తేటగా ఉంటాయా? కరీబియన్ సముద్రపు దక్షిణ భాగంలో ఉన్న బొనైర్ ద్వీపాన్ని చూస్తే అలాగే అనిపిస్తుంది. ఒడ్డు నుంచి డైవింగ్‌కు ప్రపంచంలోనే పేరుపడ్డ చోటు అది. అక్కడ దారి పక్కన పసుపు రంగు వేసిన రాళ్ల మీద ఒక్కో స్థలం పేరు రాసి ఉంటుంది. వాహనం ఆపి, సామాను తగిలించుకుని, నేరుగా నీళ్లలోకి నడిచిపోతారు. ఆ దీవికి ఏడాదిలో కురిసే వాన సుమారు 500 మిల్లీమీటర్లు, అంటే సిద్దిపేట ప్రాంతంలో కురిసే దానికన్నా తక్కువే. నదులు లేవు, కాబట్టి సముద్రంలోకి మట్టి కొట్టుకురావడమూ తక్కువ. వ్యాపార పవనాలు తూర్పు నుంచి వీస్తాయి గనుక పడమటి తీరం గాలి చాటున ప్రశాంతంగా ఉంటుంది, డైవింగ్ స్థలాల్లో ఎక్కువ భాగం ఆ వైపే ఉన్నాయి. కానీ అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అయినా అక్కడ పగడపు దిబ్బలు ఉన్నాయి. ఈ చిక్కుముడిని విప్పేది అడవి. దట్టమైన చెట్ల వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి, వాగుల నోళ్ల దగ్గర మడ అడవులు మిగిలిన ఒండ్రును ఆపుతాయి. అడవి కొట్టేసిన వాలు మీద పడిన అదే వాన ఎర్రటి నీరై పగడాల మీదకు పోతుంది. కాబట్టి ఎంత వాన పడిందన్న దానికన్నా, పడిన వానను నేల ఏం చేస్తోందన్నదే అసలు ప్రశ్న.

మూడోది అలలు. నీటి లోతు అల ఎత్తుకు దాదాపు 1.3 రెట్లకు తగ్గగానే అల విరుగుతుంది. ఒడ్డు నుంచి దిగేవాళ్లు సిలిండరు, సీసపు బరువులు, కాళ్లకు తొడిగే రెక్కలతో దాటాల్సింది సరిగ్గా ఈ విరిగే చోటునే. పగడపు దిబ్బలు అల శక్తిలో సగటున 97 శాతాన్ని ఒడ్డు చేరకముందే మింగేస్తాయని 2014లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం లెక్కగట్టింది. దిబ్బ చాటున ఉన్న మడుగులు కొత్తవాళ్లకు అనువుగా ఉండేది ఇందుకే. దిబ్బ రక్షణ లేని తెరిచిన ఇసుక తీరాల్లో, ఒడ్డుకు కొట్టిన నీళ్లు సన్నని పాయగా వేగంగా వెనక్కి లాగే రిప్ కరెంట్లు ఏర్పడతాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో మనుషులు మునిగిపోవడానికి ఇవి ముఖ్య కారణం. గాలి దిక్కు కూడా లెక్కలోకి వస్తుంది. అండమాన్‌లోని హేవ్‌లాక్ ద్వీపానికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. దాని పడమటి ఒడ్డున ఉన్న రాధానగర్ బీచ్ నైరుతి రుతుపవనాల కాలంలో ఆ గాలులకు ఎదురుగా ఉంటుంది. కొత్తవాళ్లను ఒడ్డు నుంచి నడిపించి తీసుకెళ్లే నీమో రీఫ్ అటువైపు లేదు, ద్వీపానికి రెండో పక్కన ఉంది. ఒకే ద్వీపంలో ఒక నెలలో మంచి చోటు మరో నెలలో చెడ్డదవుతుంది. ఈ రోజువారీ లెక్క తెలుసుకోవడానికి సముద్రం దాకా వెళ్లనక్కర్లేదు. అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు, పగడాలు రంగు కోల్పోవడంపై ముందస్తు సమాచారం ఇచ్చే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, 1999 నుంచి హైదరాబాద్‌లోనే పనిచేస్తోంది.

నేలను చదవడంలో ప్రాణాలకు సంబంధించిన పాఠం కూడా ఉంది. మడ అడవుల వాగులు ఉప్పునీటి మొసళ్లకు నివాసం. 2010లో హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించింది. మడ అడవి ఒండ్రును ఆపి పగడాలకు మేలు చేస్తుందని పైన చెప్పుకున్నాం. అదే అడవిలోని వాగు నోటి దగ్గర మాత్రం మనిషి దిగకూడదు. ఈ తేడాను బ్రోచర్లకన్నా బాగా చెప్పగలిగేది స్థానికులు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకారులు స్థిరపడ్డారు. ఏ వాగు దగ్గర దిగవద్దో, ఏ పోటులో నీళ్లు లాగుతాయో మన భాషలోనే చెప్పగల మనుషులు అక్కడ ఉన్నారు.

ఇప్పుడు ఇదే కొలమానాన్ని మల్లన్నసాగర్‌కు పెట్టి చూద్దాం. పూర్తి మట్టంలో దాని నీరు సముద్ర మట్టానికి 557 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ వాతావరణ పీడనమే సముద్రతీరంలో కన్నా ఆరు, ఏడు శాతం తక్కువ. 300 మీటర్ల ఎత్తు దాటిన చోట డైవింగ్ చేస్తే, ఏ లోతులో ఎంతసేపు ఉండవచ్చో చెప్పే సముద్రపు పట్టికలను సవరించుకోవాలన్నది శిక్షణలో చెప్పే నియమం. పైకి వచ్చాక కూడా పీడనం తక్కువగా ఉండటంతో, రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే అవకాశం పెరుగుతుంది. మంచినీటి సాంద్రత తక్కువ కాబట్టి సముద్రంలో సరిపోయిన బరువులు ఇక్కడ ఎక్కువై మనిషిని కిందికి లాగుతాయి, సామానుతో కలిపి 80 కిలోలు తూగేవాళ్లకు ఆ తేడా సుమారు రెండు కిలోలు. ఒడ్డు సంగతీ అంతే. చుట్టూ ఉన్నది 20 కిలోమీటర్లకు పైగా సాగే మట్టికట్ట. గోదావరి నీటిని తుక్కాపూర్ పంప్‌హౌస్ నుంచి ఎత్తిపోస్తారు, సాగుకు వదులుతారు. అంటే మట్టం పెరిగేదీ తగ్గేదీ మోటార్లను, తూములను బట్టి. నీళ్లు లోపలికి లాగే తూము దగ్గర రెండు వైపులా ఉండే పీడన తేడా మనిషిని కదలనివ్వకుండా అదిమి పట్టేస్తుంది, ఎంత ఈత వచ్చినా విడిపించుకోలేరు. మునిగిన చేల మట్టి నుంచి పోషకాలు నీళ్లలో కరిగి కొన్నేళ్ల పాటు నాచును పెంచడం కొత్త జలాశయాలన్నిటికీ ఉన్న లక్షణమే. చూపు, లోతు, దారి ఈ మూడింటిలో ఏదీ ఇక్కడ డైవర్‌కు అనుకూలం కాదు.

ప్రపంచంలో మునిగిన ఊళ్లలో డైవింగ్ చేయడం లేదా, శిక్షణ ఉన్నవాళ్లు జాగ్రత్తలు తీసుకుని దిగకూడదా అన్న ప్రశ్న రావచ్చు. పైన చెప్పిన లెక్కలన్నీ సవరించుకున్నా ఒక విషయం మిగులుతుంది. ఈ నేలకు మనుషులున్నారు. వేములఘాట్ వాళ్లు 2016 నుంచి ఏళ్ల తరబడి రిలే నిరాహార దీక్షలు చేశారు, 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలని కోర్టులకెక్కారు. వాళ్ల పునరావాస కాలనీ గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లిలో ఉంది. ఇళ్లు, గుడి, పొలాలు ఉన్న చోటు వాళ్లకు జ్ఞాపకం మాత్రమే కాదు, నష్టం కూడా. అందులోకి దిగడం వినోదమని వాళ్లు ఒప్పుకోకుండా మరెవరూ నిర్ణయించడానికి లేదు. నేలను చదవడమంటే మట్టినీ వాలునే కాదు, ఆ నేల ఎవరిదో కూడా చదవడం. పగడపు దీవుల్లోనూ ఇదే వర్తిస్తుంది. మత్స్యకారులు వలలు వేసే చోటును డైవింగ్ స్థలంగా మార్చే ముందు వాళ్లను అడగాలి.

ఈ వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం వేడిది. 2010లో అండమాన్‌లో, 2024లో లక్షద్వీప్‌లో సముద్రం వేడెక్కి పగడాలు పెద్ద ఎత్తున రంగు కోల్పోయి తెల్లబడ్డాయి. ఒడ్డు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ వేడిని ఆపలేదు. దీన్ని ఒప్పుకోవాల్సిందే, నేల అన్నిటినీ తేల్చదు. ఏ ఏడాదిలో ఎంత పగడం మిగిలి ఉందో తెలియాలంటే తాజా సమాచారం చూడక తప్పదు. కానీ వేడికి దెబ్బతిన్న దిబ్బ మీద మళ్లీ పగడపు లార్వాలు వాలి కుదురుకోవాలంటే మట్టి పేరుకోని గట్టి అడుగు కావాలి, అది ఇచ్చేది మళ్లీ ఒడ్డే. వేడిని తగ్గించడం ఒక్క దీవి చేతిలో లేదు, ఒడ్డున చెట్లు నిలబెట్టడం మాత్రం ఉంది. ఇవన్నీ శిక్షకుడు చూసుకుంటాడు, పర్యాటకుడికెందుకు అన్నది మరో మాట. శిక్షకుడు ఆ రోజుకు చోటు ఎంచుతాడు, కానీ ఏ దీవికి, ఏ నెలలో వెళ్లాలో ఇంట్లో కూర్చుని నిర్ణయించేది మనమే. ఆ నిర్ణయం తప్పయితే శిక్షకుడి ముందున్నవన్నీ చెడ్డ చోట్లే.

కాబట్టి సెలవు టికెట్ కొనకముందే మ్యాపు తెరిచి నాలుగు విషయాలు చూసుకోవాలి. దగ్గర్లో నది గానీ వాగు గానీ సముద్రంలో కలుస్తోందా? వెనకున్న కొండ మీద అడవి నిలిచి ఉందా? ఆ నెలలో గాలి ఏ దిక్కు నుంచి వీస్తుంది? దిగిన దారినే తిరిగి ఎక్కగలమా? వీటికి సరైన జవాబు దొరికిన చోట చేపలు, రంగులు, తాబేళ్లు ఉండే అవకాశం ఎక్కువ. వెళ్లాక స్థానికుల మాట, ఆ రోజు అలల సూచన విని, సందేహముంటే దిగకుండా ఆగాలి. నీటి అడుగు అందం ఒడ్డున ఉన్న అడవి, మట్టి, మనుషుల మీద ఆధారపడిందని తెలిసిన వాళ్లకు, ఒడ్డును కాపాడటం డైవింగ్‌లో భాగమే అవుతుంది.