జరం ఎందుకొస్తది? మన ఒంట్లోని కాపలా కథ

వానలు పడితే చాలు, ఉట్నూరు ఏజెన్సీ నుంచి కరీంనగర్ దాకా జరాలే జరాలు. "బుఖార్ వచ్చింది, ఓ సూది వేయిస్తే పోతది" అని దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి ఉరుకుతాం. అసలు ఒళ్లు కాలేలా చేస్తున్నదెవరు? చాలామట్టుకు మన ఒళ్లే.

చర్మం కింద, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో కాపలా కణాలుంటాయి. వాటిపైనా లోపలా ఉండేవే టోల్ రిసెప్టార్లు (టీఎల్‌ఆర్‌లు). మనుషుల్లో ఇవి 10 రకాలు. ఇవి క్రిమిని పేరుతో గుర్తుపట్టవు. మన ఒంట్లో లేని వస్తువు, లేదా ఉండకూడని చోట ఉన్న వస్తువు కనిపిస్తే పట్టుకుంటాయి. టీఎల్‌ఆర్-4 ఈ-కోలి లాంటి బాక్టీరియా పైపొరను పసిగడితే, టీఎల్‌ఆర్-7 డెంగీ, కరోనా వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏను పసిగడతది. పట్టుకోగానే కణం రక్తంలోకి కొన్ని రసాయనాలు వదులుతది. అవి మెదడుకు చేరి 'వేడి పెంచు' అని చెప్తాయి. చలి, వణుకు అందుకే. మలేరియాలో క్రిములు ఎర్రకణాలను పగలగొట్టుకొని ఒక్కసారే బయటపడతాయి కాబట్టి జరం కూడా తెరలు తెరలుగా వస్తది.

ఈ రిసెప్టార్ల పని బయటపెట్టినందుకే 2011లో బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకు నోబెల్ వచ్చింది. హాఫ్‌మన్ దీన్ని కనిపెట్టింది పండ్లమీద వాలే చిన్న ఈగల్లో అంటే నమ్మబుద్ధి కాదు!

మన హైదరాబాద్ కోవాగ్జిన్‌లోనూ ఇదే ఉపాయం. భారత్ బయోటెక్ అందులో వాడింది చంపేసిన వైరస్‌ను. చచ్చినదాన్ని చూసి కాపలా గట్టిగా లేవదేమోనని టీఎల్‌ఆర్-7, 8లను తట్టిలేపే మందు కలిపింది. టీకా వేసిన రాత్రి ఒళ్లు వెచ్చబడితే టీకా చెడ్డదని కాదు, కాపలా లేచిందని. ఆ కాపలా కణాలే తర్వాత యాంటీబాడీలు తయారుచేసే కణాలకు కబురు మోస్తాయి. దానికి కొన్ని రోజులు పడతది.

అయితే జరం మంచిదే కదా అని ఇంట్లో కూర్చోవద్దు. ఈ అలారం హద్దు దాటితే సెప్సిస్, ప్రాణం మీదికొస్తది. పైగా వచ్చింది ఏ క్రిమో జరం చెప్పదు, రక్త పరీక్షే చెప్తది. యాంటీబయాటిక్ సూది డెంగీ వైరస్‌ను ఏమీ చేయలేదు. మలేరియాకు వేరే గోలీలున్నాయి, సర్కారు దవాఖానలో ఉచితం. డెంగీ అనుమానముంటే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం పెరుగుతది. మూడు నెలల లోపు పసిబిడ్డకు జరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడే దవాఖానకు తీసుకుపోవాలి.