ఛత్రినాక తీగలు

ఛత్రినాకలో నిలిచి తలయెత్తి చూచువారికి ముందుగా కనబడునది ఆకాశము కాదు, తీగలు. విద్యుత్తు తీగలు, టెలివిజను కేబుళ్ళు, ఇంటర్నెట్టు కేబుళ్ళు, వాడుక తప్పినను ఎవ్వరును తొలగింపని పాత కేబుళ్ళు, అన్నియు ఒకే స్తంభమును చుట్టుకొని మఱ్ఱి యూడలవలె వ్రేలాడుచున్నవి. వీనిలోని యొక సన్నని గాజుపోగు వెంట ప్రపంచమందలి విద్యయు వ్యాపారమును ఈ సందులలోని యిండ్లకు వచ్చుచున్నవి. ఎంత వెలకు వచ్చుచున్నవి, ఎవరికి వచ్చుచున్నవి యని విచారించువారు మాత్రము అరుదు.

1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు సౌకర్యమును కల్పించినపుడు 250 గంటలకు 5,000 రూపాయలు పుచ్చుకొనిరి. 2016 సెప్టెంబరులో జియో కంపెనీ రంగమున దిగిన పిదప ధరలు కూలిపోయినవి. నేడు డేటా మిక్కిలి చవుకగా దొరకు దేశములలో మనదియు నొకటి యని చెప్పుకొనుచున్నాము. మాటలో అసత్యము లేదు; కాని అది సగటు మాట.

2024 జూలైలో హెచ్చించిన జియో ధరలనే చూడుడు. 28 దినములకు 2 గిగాబైట్లిచ్చు రీచార్జికి 189 రూపాయలు. అన్ని దినములకే దినమునకు 2 గిగాబైట్ల చొప్పున ఇచ్చు రీచార్జికి 349 రూపాయలు. మొదటి దానిలో గిగాబైటు వెల 94 రూపాయల పైమాట. రెండవ దానిలో ఆరు రూపాయలకు కొంచె మెక్కువ. అనగా ఒకేసారి 349 రూపాయలు తీయలేని కూలివాడు అదే వస్తువునకు పదునైదు రెట్లు వెల యిచ్చుచున్నాడు. బియ్యమును బస్తాగా కొనువానికి ఒక ధర, సోలతో కొనువానికి ఒక ధర యుండుట మన మెఱిగినదే. సోలకు పదునైదు రెట్లు పుచ్చుకొను దుకాణము మాత్రము మేము చూడలేదు. ఈ 28 దినముల మాసము మరియొక వింత. చాంద్రమాసమునకైనను ఇరువదితొమ్మిదిన్నర దినములు కలవు. కంపెనీ మానమున సంవత్సరమునకు పదుమూడు మాసములు! 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ కలుగజేసికొని, ముప్పది దినముల రీచార్జి యొకటైనను ఉండవలెనని ఆజ్ఞాపింపవలసి వచ్చినది.

దక్షిణాఫ్రికాలో ఈ న్యాయమునే అక్కడి పోటీ వ్యాపార విచారణ సంఘము పరీక్షించి, చిన్న పొట్లములు కొను బీదలే హెచ్చు వెల చెల్లించుచున్నారని 2019 డిసెంబరులో తేల్చి చెప్పినది. మరుసటి సంవత్సరమే వోడాకాం, ఎం.టి.ఎన్. కంపెనీలు ధరలు తగ్గించినవి. మన దేశమున అట్టి విచారణ యేల జరుగరాదు?

ఆఫ్రికా సంగతి మనకు దూరము కాదు. 2009లో తూర్పు ఆఫ్రికాకు ప్రాణము పోసిన సీకాం సముద్రపు కేబులు మన ముంబయి తీరమును గూడ తాకుచున్నది. అంతకు ముందు కెన్యావారు ఉపగ్రహమునకు అప్పగించిన సొమ్ము అంతింత కాదు. అయినను ఛాద్ వంటి, సముద్రము లేని దేశములు నేటికిని పొరుగువాని నేలమీదుగా వచ్చు తీగకు సుంకము కట్టవలసినవే. హైదరాబాదునకును సముద్రము లేదు. మన తీగయు ముంబయి, చెన్నపట్టణముల నుండియే రావలెను. మనకు గల భాగ్యమేమన, నడుమ పరదేశపు సరిహద్దు లేదు. మరియొక విషయమున మనము ముందడుగు వేసితిమి. కొన్ని వెబ్‌సైట్లను మాత్రము ఉచితముగా చూపి, ఎల్లజనులను తన పెరటిలో కట్టివేయదలచిన ఫేస్‌బుక్కు పథకము 2014లో జాంబియాలో మొదలైనది. మన నియంత్రణ సంస్థ 2016 ఫిబ్రవరి 8న అట్టి పక్షపాతపు ధరలను నిషేధించినది. ఉచితమను పేరిట వచ్చిన సంకెలను త్రోసిపుచ్చుట చిన్న పని కాదు.

ఇక తీగ సంగతి. 2025 ఆగస్టులో రామంతాపురమున కృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించిరి. వెంటనే పాతబస్తీలోని బండ్లగూడలో వినాయక విగ్రహమును తెచ్చుచు మరి యిద్దరు యువకులు బలియైరి. ప్రాణములు పోయిన పిమ్మట విద్యుత్తు సంస్థవారు స్తంభములమీది కేబుళ్ళను కత్తిరింపగా పేటలకు పేటలే ఇంటర్నెట్టు లేక నిలిచిపోయినవి. వివాదము హైకోర్టున కెక్కినది. గాజుపోగు వెలుతురును మోయునే గాని విద్యుత్తును మోయదు. కాని దానిని పట్టి నిలుపు ఉక్కు తీగ మోయగలదు. ఊరేగింపులకు పేరుపడిన ఛత్రినాకలో ఈ భేదము చావు బ్రతుకుల భేదము. తీగలను కోసివేసిన దినమున విద్యార్థి పాఠమును, టైలరు ఆర్డరును నిలిచిపోవును. తీగలను వదలివేసిన దినమున రథము నిలిచిపోవును. 2020 సెప్టెంబరులో కరోనా కారణముగా బడులు మూతబడియుండగా మన ప్రభుత్వము పాఠములను దూరదర్శన్ యాదగిరి ద్వారా చెప్పించినది. ఇంటింటికి ఇంటర్నెట్టు లేదని ప్రభుత్వమునకు ఎఱుకయే గదా!

ఉపాయము క్రొత్తది కాదు. మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే టీ-ఫైబరు గొట్టములను వేసి పల్లెలకు తీగను చేర్చ బూనిరి. పల్లెకు తోచిన మార్గము పట్టణపు సందునకు ఏల తోచలేదు? ఛత్రినాక వీథులు మురుగు కాల్వకై ఒకమారు, మంచినీటికై ఒకమారు త్రవ్వబడుచునే యున్నవి. త్రవ్వినప్పుడే అన్ని కంపెనీలును అద్దె చెల్లించి వాడుకొనదగిన యొక గొట్టమును నగరపాలక సంస్థ తన సొత్తుగా పాతిపెట్టవలెను. గొట్టము ఒకే కంపెనీ చేతిలో నున్నచో ఆ సందులోని గృహస్థుడు దానికి బందీ యగును. అందరికిని సమానమైన అద్దెకు తెరచియున్నచో ముగ్గురు నలుగురు కేబులువారు పోటీపడి అతని గడప యెక్కుదురు. వచ్చు భాద్రపదమునకు ముందు ఏ వీథిని మొదట త్రవ్వుదురో ఆ పేటవారికి ప్రకటింపవలసిన పని నగరపాలక సంస్థ యధికారులది.