శ్రీశైలం గేట్లు చూస్తాం సరే.. కరెంటు ఎక్కడ పుడుతుందో తెలుసా?

కృష్ణా నదికి వరద వచ్చిందంటే చాలు, అందరి ఫోన్లలో శ్రీశైలం గేట్ల వీడియోలే. బెల్లంపల్లి, మంచిర్యాల నుంచి కూడా మనవాళ్లు సెలవు చూసుకుని, బండి మాట్లాడుకుని, పిల్లాపాపలతో పోతుంటారు. నల్లమల కొండల నడుమ ఆ నీళ్లు చూస్తే సుబ్‌హానల్లాహ్ అనాల్సిందే.

కానీ ఈ డ్యామ్ చూడ్డానికి కట్టింది కాదు, కరెంటు కోసం కట్టింది. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. సాగునీరు, తాగునీటి అవసరాలు తర్వాత కలిశాయి. ఈ నీళ్ల కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు వందకు పైగా మునిగిపోయాయి.

అసలు సంగతి ఏమిటంటే, మనం మురిసిపోయి చూసే 12 గేట్ల నీళ్లతో కరెంటు రాదు. డ్యామ్ 885 అడుగులకు దగ్గరపడితే, ఎక్కువైన నీటిని అలా వదిలేస్తారు. కరెంటు ఇచ్చే నీళ్లు వేరే దారిలో టర్బైన్లకు పోతాయి. ఆంధ్రప్రదేశ్ వైపు కుడిగట్టు కేంద్రం 770 మెగావాట్లు. తెలంగాణ వైపు ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లు, అది కొండ లోపల, భూగర్భంలో ఉంది.

మన జైపూర్, రామగుండంలో బొగ్గు బాయిలర్ చల్లారితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది. నీటి టర్బైన్ నిమిషాల్లో తిరుగుతుంది. అందుకే వాడకం ఒక్కసారిగా పెరిగినప్పుడు ఇది ఆదుకుంటుంది. పైగా ఎడమగట్టు యంత్రాలు రివర్స్‌లో తిరిగి, కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని మళ్లీ పైకి తోడగలవు.

భూగర్భంలో పని అంటే ఏమిటో సింగరేణి కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు కేంద్రంలో మంటలు లేచాయి. సొరంగమంతా పొగ కమ్మేసింది. డ్యూటీలో ఉన్న తొమ్మిది మంది బయటికి రాలేకపోయారు. వాళ్ల కోసం లోపలికి దిగిన వాళ్లలో మన సింగరేణి రెస్క్యూ సిబ్బంది కూడా ఉన్నారు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. అమ్రాబాద్ పులుల అడవి దారిలో రాత్రిపూట బండ్లను పోనివ్వరు, పొద్దు ఉండగానే దాటేలా బయల్దేరండి. సెల్ఫీల కోసం డ్యామ్ దిగువన నదిలోకి దిగొద్దు, పిల్లల్ని దిగనివ్వొద్దు. టర్బైన్లు తిరిగినా, గేట్లు లేపినా నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి.

గేట్లు చూపించేటప్పుడు పిల్లలకు ఆ కొండ కూడా చూపించండి. లోపల ఇప్పుడు కూడా ఎవరో డ్యూటీలో ఉంటారని చెప్పండి.