ప్రార్థనకు వెళ్లండి, మందులు మానకండి!

మీ ఇంట్లో ఒకరికి తరచు మూర్ఛ వస్తోందనుకోండి. లేదా చదువుకునే పిల్ల ఉన్నట్టుండి అన్నం మానేసి, తనలో తానే మాట్లాడుకుంటోందనుకోండి. డాక్టరు రాసిన బిళ్లలు వాడుతూనే ఉన్నారు, గుణం మాత్రం ఇంకా కనిపించలేదు. అంతలో పక్కింటి పిన్నిగారు వచ్చి, "ఫలానా చోట ప్రార్థన చేయిస్తే ఎంతోమందికి నయమైందట, ఒక్కసారి తీసుకెళ్లండమ్మా" అంటారు. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకల్లోనైనా ఇది మామూలే. వెళ్లాలా, మానాలా?

మన వైపు ఇటువంటి స్థలాలకు కొదవ లేదు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. ఫాల్గుణంలో జాతరకు చుట్టుపక్కల జనమంతా మొక్కులతో తరలివెళ్తారు. ఇక బైబిలు మిషను అనే చిన్న క్రైస్తవ సంఘం ఉంది. జేగురుపాడుకు చెందిన ముంగమూరి దేవదాసుగారు మొదట లూథరన్ సంఘంలో ఉండి, 1938లో రాజమండ్రిలో దీన్ని ప్రారంభించారు. 1960లో కాలం చేశారు. గుంటూరు కాకానితోట దీనికి పెద్ద కేంద్రం. మన గోదావరి జిల్లాల్లోనూ దీని మందిరాలున్నాయి. రోగుల కోసం ప్రార్థించడం, దేవుని సన్నిధిలో మౌనంగా కాచుకుని కూర్చోవడం ఈ సంఘంలో ముఖ్యమైన అలవాట్లు.

ఇలాంటి చోట మేలు జరుగుతుందా అంటే, కొంత జరుగుతుంది. తమిళనాడులో ముత్తుస్వామి గుడిలో ఉంటున్న 31 మంది మానసిక రోగులను బెంగుళూరు డాక్టర్లు పరిశీలించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. కొన్ని వారాలు అక్కడ ఉన్నాక వారి లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయి. అక్కడ ప్రత్యేకమైన వైద్యమేమీ లేదు. ఇంటివారొకరు తోడుండటం, గుడి ఊడ్చి మొక్కలకు నీళ్లు పోయడం, ఎవరూ ఎగతాళి చేయకపోవడం, అంతే. మనసు కుదుటపడటానికి ఇవి ఎంత అవసరమో చూశారా!

రెండో వైపు కూడా చూడాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రయంలో పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉంచడంవల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది.

కాబట్టి మీవారిని తీసుకెళ్లేముందు మీరొకసారి వెళ్లి ఆ స్థలాన్ని చూసి రండి. గాలి, వెలుతురు ధారాళంగా వస్తున్నాయా? తాగేనీరు ఎక్కడిది? మరుగుదొడ్డి ఉందా? దోమతెర కట్టుకునే వీలుందా? మీరు పక్కనే ఉండనిస్తారా? ఎవరినైనా కట్టివేసినా, కొట్టినా, "మందులు మానితేనే స్వస్థత" అన్నా, వెంటనే వెనక్కి వచ్చేయండి.

మూర్ఛకు వాడే బిళ్లలు హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్లు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. క్షయకు మందు సాధారణంగా 6 నెలలైనా వాడాలి. దగ్గు తగ్గిందని మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టి, మొండికెత్తుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరును అడగకుండా ఉపవాస ప్రార్థనకు గాని, వ్రతానికి గాని కూర్చోరాదు. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారు పరీక్ష చేయించుకున్నాకే పదిమందిలో కూర్చోవాలి.

కొన్నిటికి ముందు ఆస్పత్రి, ఆ తర్వాతే గుడి. పాము కాటు, గుండెనొప్పి, 5 నిమిషాలు దాటినా ఆగని ఫిట్లు, విరేచనాలతో సొమ్మసిల్లిన బిడ్డ - ఇవి కనిపిస్తే 108కి ఫోను చేయండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆస్పత్రికి చేరినవారిలో చాలామంది త్వరగానే కోలుకున్నారు. రక్తం పరీక్షించారు కనుకనే సీసం సంగతి బయటపడింది.

మనోవ్యాధుల గురించి ఎవరినడగాలో తెలియకపోతే 14416కి ఫోను చేయండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఉచిత సలహా కేంద్రం అది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ నమ్మకాన్ని వదులుకోమని ఏ మంచి డాక్టరూ చెప్పడు. మీరు ఎక్కడికి వెళ్తున్నారో దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఏ మందులు వాడుతున్నారో ప్రార్థన చేసేవారికీ చెప్పండి. బయలుదేరే రోజున చేతిసంచిలో కొబ్బరికాయో, బైబిలో పెట్టుకుంటారు గదా, దాని పక్కనే మందుల చీటీ, సరిపడా బిళ్లలు కూడా పెట్టుకోండి.